కోర్సు సంగతి తర్వాత, ముందు ఆ చుక్క పెట్టండి

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. బీటెక్ మూడో ఏడు చదువుతున్నాను. డెవాప్స్ ఉద్యోగం (సాఫ్ట్‌వేర్‌ను సర్వర్లలోకి ఎక్కించి నడిపే పని) కోసం సొంతంగా హెల్మ్ నేర్చుకుంటున్నాను. అది కుబెర్నెటీస్ సర్వర్ల మీద అప్లికేషన్లను అమర్చే సాధనం. మూడు సర్వీసులకూ పనికొచ్చేలా లేబుళ్లకు ఒకే టెంప్లేట్ (అచ్చు) రాశాను. అందులోకి వెళ్లాల్సిన విలువలు ఉండే వాల్యూస్ ఫైల్లో పేరు ఉంది గానీ టెంప్లేట్‌లోకి రావడం లేదు. వారం నుంచి అక్కడే ఆగిపోయాను. ఫ్రెండ్స్ హైదరాబాద్‌లో 60,000 రూపాయల కోర్సులో చేరమంటున్నారు. కొబ్బరికాయల డబ్బు ఇస్తానని నాన్నగారు అంటున్నారు. చేరమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దు. ఆ డబ్బు నాన్నగారి దగ్గరే ఉండనివ్వండి.

మీరు పంపిన ఫైలు చూశాను. తప్పల్లా ఒక్క చుక్క దగ్గరే ఉంది. డిఫైన్ అనే ఆదేశంతో పేరు పెట్టి రాసిన టెంప్లేట్‌కు బయటి విలువలు వాటంతట అవి కనబడవు. పిలిచేటప్పుడు మనం ఏది అందిస్తే అదే దానికి తెలుస్తుంది. మీరు టెంప్లేట్ పేరు రాసి వదిలేశారు, పక్కన విలువలను అందించే చుక్క (.) పెట్టలేదు. ధవళేశ్వరం నుంచి వచ్చిన నీళ్లు కాలువ నిండా పారుతున్నా, తూము తీయకపోతే మీ పంట బోదెలోకి రావు కదా! చుక్క పెట్టండి, వాల్యూస్ అన్నీ లోపలికి వస్తాయి.

జాబితాలోని అంశాలను ఒక్కొక్కటిగా తీసుకునే రేంజ్ లోపల పిలిచేటప్పుడు మాత్రం జాగ్రత్త. అక్కడ చుక్క అంటే ఆ జాబితాలో అప్పటికి నడుస్తున్న ఒక్క అంశమే. వాల్యూస్ కావాలంటే డాలర్ గుర్తు ఇవ్వాలి. రెండూ కావాలంటే డిక్ట్‌లో (పేరు, విలువ జతల మూటలో) పెట్టి పంపండి. ఇంకోటి, టెంప్లేట్ అనే ఆదేశానికి బదులు ఇన్‌క్లూడ్‌తో పిలవడం అలవాటు చేసుకోండి. దాని ఫలితాన్ని, వరుసల ముందు ఖాళీలు పెట్టే ఎన్‌ఇండెంట్‌కు అందించి ఖాళీలు సరిచేసుకోవచ్చు. ఈ ఫైళ్లు రాసే యామల్ పద్ధతిలో ఖాళీలు తప్పితే పడిన శ్రమంతా దండగ.

ఈ వారం వృథా అయిందని బాధపడకండి. "ఈ విలువ ఎక్కడి నుంచి వచ్చింది?" అన్న ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పగలిగినవాళ్లే ఈ పనిలో నిలబడతారు. ఛార్టులోని (హెల్మ్ ప్యాకేజీలోని) వాల్యూస్ ఫైలు కన్నా మనం విడిగా ఇచ్చే ఫైలుది పైచేయి, దాని కన్నా కమాండ్‌లోనే సెట్‌తో ఇచ్చినదానిది పైచేయి. రేపు సర్వర్లను కోడ్‌తో ఏర్పాటు చేసే టెర్రాఫామ్ మాడ్యూల్స్ పట్టుకున్నా ఇదే ఆలోచన అక్కరకొస్తుంది.

ఇప్పుడు ఒకే ఛార్టు పెట్టుకుని డెవలప్‌మెంట్‌కు, టెస్టింగ్‌కు, ప్రొడక్షన్‌కు మూడు వాల్యూస్ ఫైళ్లు రాయండి. ఇమేజ్ ట్యాగ్ (వెర్షన్ గుర్తు), రెప్లికాల (ఒకేసారి నడిచే కాపీల) సంఖ్య, హోస్ట్ పేరు మాత్రమే మారాలి. ఖాళీగా వదలకూడని విలువకు, అది లేకపోతే లోపం చూపే రిక్వైర్డ్ పెట్టండి. విలువలు నిండిన ఫైళ్లను చూపే హెల్మ్ టెంప్లేట్ కమాండ్‌కు క్లస్టర్ (సర్వర్ల గుంపు) అక్కర్లేదు, మీ పాత ల్యాప్‌టాప్ చాలు. పాత హెల్మ్‌కు క్లస్టర్‌లో నడవాల్సిన టిల్లర్‌ను ఇన్‌స్టాల్ చేయమనే పాఠాలు కనబడితే వదిలేయండి. 2019లో హెల్మ్ 3 వచ్చినప్పుడే దాన్ని తీసేశారు. గిట్‌హబ్‌లో పెట్టేటప్పుడు పాస్‌వర్డులు ఆ ఫైళ్లలో ఉంచకండి.

మూడు ఫైళ్లకూ వచ్చిన అవుట్‌పుట్ నాకు పంపండి. రెజ్యూమెలో దాన్ని ఎలా రాయాలో అప్పుడు చూద్దాం.