ఫోన్‌లో చూస్తోందా, నేర్చుకుంటోందా?

ప్రశ్న: మాది మార్కాపురం. 30 ఏళ్లుగా పలకల పని చేస్తున్నాను. మా అమ్మాయి ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో బీఎస్సీ కంప్యూటర్స్ రెండో సంవత్సరం. ఇంటికి రాగానే ఫోన్ పట్టుకుంటుంది, రాత్రి 12 దాకా వదలదు. అడిగితే ‘యూట్యూబ్‌లో పైథాన్ నేర్చుకుంటున్నా నాన్నా’ అంటుంది. నేను పదో తరగతితో ఆపేసినవాణ్ని, అందులో ఏముందో నాకు తెలియదు. అమీర్‌పేటలో కోచింగ్‌కు పంపితేనే ఉద్యోగం వస్తుందని మా బావమరిది అంటున్నాడు. ఫీజు, హాస్టల్ కలిపి లక్ష దాటుతోంది. అప్పు చేసి పంపమంటారా?

జవాబు: ఇప్పుడే అప్పు చేయకండి. అమ్మాయికి డిగ్రీ ఇంకా ఏడాదికి పైనే ఉంది. ఈలోగా ఇంట్లోనే తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది.

మీ చేతుల మీదుగా వెళ్లిన పలకల మీద ఎంతమంది పిల్లలు అఆలు దిద్దారో! మాస్టారు బోర్డు మీద ‘అ’ రాస్తుంటే చూసినంత మాత్రాన ఏ పిల్లకూ ‘అ’ రాలేదు. దిద్దితే వచ్చింది, చెరిపి మళ్లీ దిద్దితే నిలిచింది. పైథాన్ అంటే కంప్యూటర్ చేయాల్సిన పనిని రాసి చెప్పే ఒక భాష. దానికీ అదే దారి.

కిందటేడాది నా దగ్గరికి ఒక డిగ్రీ కుర్రాడు వచ్చాడు. 60 వీడియోలు చూశాను మేడం అన్నాడు. నోట్సు ముత్యాల్లాంటి అక్షరాలతో నిండిపోయి ఉంది. తెల్ల కాగితం ఇచ్చి, చిన్న ప్రోగ్రాం రాయమన్నాను: ఐదు సబ్జెక్టుల మార్కులు తీసుకోవాలి, మొత్తం చెప్పాలి, ఏ ఒక్క దాంట్లో 35 కన్నా తగ్గినా ‘ఫెయిల్’ అని చూపాలి. పెన్ను కాగితం మీద ఆనించి 20 నిమిషాలు అలాగే కూర్చున్నాడు. ‘వీడియో చూసినప్పుడు అంతా అర్థమైంది మేడం’ అన్నాడు, కళ్లలో నీళ్లు తిరుగుతుండగా. ఆ మాట నిజమే. చెప్పేవాళ్లు బాగా చెబుతుంటే మనకే వచ్చేసినట్టు ఉంటుంది. అక్కడే చాలామంది మోసపోతున్నారు.

అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని పరీక్షించి 2006లో ప్రచురించారు. కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివారు. మరికొందరు చదివాక కాగితం పక్కన పెట్టేసి, గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాలకే అడిగితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత అడిగితే, చూడకుండా రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది.

కాబట్టి మీ అమ్మాయిని ‘ఎంతసేపు చూశావు’ అని అడగకండి. ‘ఈ వారం ఏం చేశావో చూపించమ్మా’ అనండి. మీకు పైథాన్ తెలియక్కర్లేదు. మీ పనిలో రోజుకు ఎన్ని పలకలు తయారయ్యాయి, ఎన్ని పగిలాయి, ఎంత కూలి రావాలి అనే లెక్క ఉంటుంది కదా, అది వేసే ప్రోగ్రాం రాయమనండి. లెక్క సరిగ్గా వచ్చిందో లేదో చెప్పడానికి మీకంటే పెద్ద పరీక్షకుడు ఎవరు? తప్పు వస్తే కోప్పడకండి. ఆ తప్పు ఎక్కడుందో వెతుక్కునే గంటలోనే అసలు చదువు జరుగుతుంది.

అమీర్‌పేటను నేను తక్కువ చేయను. ఆ మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో నేర్చుకుని నిలదొక్కుకున్న పిల్లలను ఎంతోమందిని చూశాను. అయితే అక్కడ డబ్బు పెట్టి కొనుక్కునేది పాఠం ఒక్కటే కాదు. వేళకు వెళ్లి కూర్చోక తప్పదు, పక్కన తనలాగే కష్టపడే మనిషి ఉంటుంది, పరీక్ష ఫలానా రోజున అని ముందే తెలుస్తుంది. ఇప్పుడు పాఠం ఊరికే వస్తోంది కానీ ఆ మూడూ ఊరికే రావడం లేదు. ఆన్‌లైన్ కోర్సుల్లో చేరినవాళ్లలో చివరిదాకా వెళ్లేవాళ్లు చాలా కొద్దిమందే కావడానికి ఇదే ముఖ్యమైన కారణమని నా అభిప్రాయం.

ఆ మూడూ ఇంటిదగ్గరే సమకూరే దారి ఉంది. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలో పైథాన్ కోర్సులున్నాయి. చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన మాధవన్ ముకుంద్ గారిది ఎనిమిది వారాలు, ఐఐటీ రోపర్ సుదర్శన్ అయ్యంగార్ గారిది 12 వారాలు. మీ అమ్మాయి రెండోదానితో మొదలుపెడితే తేలిగ్గా ఉంటుంది. చూడటానికి, వారం వారం అసైన్‌మెంట్లు చేయడానికి పైసా అక్కర్లేదు. సర్టిఫికెట్ కావాలంటేనే రుసుం కట్టి, కేంద్రానికి వెళ్లి పరీక్ష రాయాలి. మార్కుల్లో 25 శాతం అసైన్‌మెంట్లకు, 75 శాతం పరీక్షకు. ఈ కోర్సులు మామూలుగా జనవరిలో, జులైలో మొదలవుతాయి. ఎన్‌పీటెల్ కోర్సులు కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక ‘స్వయం’లోనే నడుస్తాయి. స్వయం ద్వారా చేసిన కోర్సుల క్రెడిట్లను, అంటే కోర్సు పూర్తిచేస్తే లెక్కకు వచ్చే పాయింట్లను, డిగ్రీలో కలుపుకోవడానికి యూజీసీ అనుమతించింది. మీ కాలేజీ కలుపుతుందో లేదో ప్రిన్సిపాల్ గారిని ముందే అడగమనండి. క్లాసులో ఇంకో అమ్మాయిని కూడా చేర్పిస్తే మరీ మంచిది. ఒకరు ఆగితే ఇంకొకరు లాగుతారు.

ల్యాప్‌టాప్ లేదని ఆగొద్దు. గూగుల్ కోలాబ్ ఫోన్ బ్రౌజర్‌లోనూ తెరుచుకుంటుంది, అందులో పైథాన్ రాసి చూడొచ్చు. వేలితో టైప్ చేయడం విసుగే, ఒప్పుకుంటాను. కాలేజీ ల్యాబ్‌లో సాయంత్రం ఒక గంట అడిగి చూడమనండి. ఆర్నెల్లు పట్టుగా చేశాక, కోచింగ్‌కు పెడదామనుకున్న డబ్బులో కొంతతో సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనండి.

చాట్‌జీపీటీ లాంటివాటి గురించి అమ్మాయికి నా మాటగా చెప్పండి: తల్లీ, ముందు నువ్వు రాయి. ఆగిపోతే, ‘నా తప్పు ఎక్కడుందో సూచన ఇవ్వు, జవాబు రాయొద్దు’ అని అడుగు. మొత్తం దానిచేత రాయించుకుంటే ఇంటర్వ్యూలో తెల్ల కాగితం ముందు నీకు తోడు ఎవరూ ఉండరు.

రాత్రి 12 దాకా మాత్రం వద్దు. 10కి ఫోన్ మీ దగ్గర పెట్టించుకోండి, పొద్దున 5కి ఇచ్చేయండి. పరీక్షకు రిజిస్టర్ చేసేటప్పుడే కేంద్రం ఏ ఊళ్లో ఉందో చూసుకోండి. మొదటిసారి మీరే తోడు వెళ్లండి.