సమయం చూసి నేను చెప్తాలే

ఉత్తరం: మాది ప్రొద్దుటూరు. మా ఆయనకు బట్టల అంగడి ఉంది. మాకు ఒక్కతే పాప, ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ. వచ్చే నెలలో పరీక్షలు. ఈఏపీసెట్ రాయించి ఇక్కడే ప్రొద్దుటూరులోనో, కడపలోనో ఇంజనీరింగ్‌లో చేర్పించాలని ఆయన ఉద్దేశం. బంధువులందరికీ అదే చెప్తున్నారు. పాపకేమో ఎకనామిక్స్ మీద మనసు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఐదేళ్ల కోర్సు ఉందట, దానికి సీయూఈటీ అని కేంద్ర యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష రాయాలట. ఏడుస్తుంటే చూడలేక ఆయనకు తెలియకుండా నెట్ సెంటర్‌లో ఫారం నింపించాను. ఫీజు నా చీటీ డబ్బుల్లోంచి కట్టాను. ఆయన ఫోన్‌కు మెసేజ్‌లు వస్తాయని మా తమ్ముడి నంబర్ ఇచ్చాం. మేము బీసీలం, పాత సర్టిఫికెట్టే పెట్టాం. పాపకు నాయనంటే చచ్చేంత భయం. ఏం కావాలన్నా నాతోనే చెప్తుంది, నేను సమయం చూసి ఆయన చెవిన వేస్తాను. చిన్నప్పటి నుంచీ అంతే. ఇప్పుడు టెన్షన్‌తో నాకు నిద్ర పట్టడం లేదు. నంబర్ మార్పించాలా? ఇంజనీరింగ్ మంచిదా, ఎకనామిక్స్ మంచిదా? ర్యాంకు వచ్చాక ఆయనకు చెప్తే సరిపోతుందా? నా పేరు వేయకండి.

జవాబు: అమ్మా, మొదటి రెండు ప్రశ్నలూ త్వరగా తేల్చేద్దాం. నంబర్ మీ తమ్ముడిదే ఉండనివ్వండి. ఆ సిమ్ మార్చవద్దని, వచ్చిన మెసేజ్‌లు చెరిపేయవద్దని మాత్రం గట్టిగా చెప్పండి. ఇంజనీరింగా, ఎకనామిక్సా అన్నది పిల్లను చూడకుండా నేను చెప్పేది కాదు. చెప్పేవాళ్లు మీ ఊళ్లో వీధికి పదిమంది ఉంటారు, వాళ్ల మాటా వినకండి. ప్రస్తుతానికి రెండు పరీక్షలూ రాయనివ్వండి. ఈఏపీసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంది కనుక ఇప్పుడు చదివేదేదీ వృథా కాదు.

మూడో ప్రశ్న దగ్గర ఆగిపోయాను.

మీ ఉత్తరం మళ్లీ చదివాను. మీ ఆయన వద్దన్న మాట అందులో ఒక్కటి కూడా లేదు. కేకలేశారని లేదు, పుస్తకాలు విసిరేశారని లేదు, 'ఆడపిల్లను హైదరాబాద్ పంపను' అన్నారని కూడా లేదు. ఇంజనీరింగ్ చదివిస్తానని నలుగురితో అన్నారు, అంతే. ఎంపీసీ చదివే పిల్ల తండ్రి ఇంకేమంటాడు? కూతురికి ఎకనామిక్స్ అనే కోరిక ఉన్నట్టు ఆయనకు తెలియదు. ఎవరూ చెప్పలేదు. అడగని ప్రశ్నకు 'వద్దు' అనే జవాబు ఆయన తరఫున మీరే రాసేశారు. ఆ జవాబుకు భయపడి చాటుగా ఫారం నింపారు.

ఆయన చేయి చేసుకునే మనిషైతే నేను చెప్పేది వేరుగా ఉండేది. అలాంటిది ఉండి దాచి ఉంటే దయచేసి మళ్లీ రాయండి, ఈ జవాబును పక్కన పెట్టేయండి. లేదంటే మాత్రం కాస్త కటువుగా మాట్లాడతాను, ఏమీ అనుకోకండి.

పాపకు నాయనంటే చచ్చేంత భయం అన్నారు. ఆ భయం ఎక్కడి నుంచి వచ్చింది? 'నాయన వచ్చే వేళయింది, టీవీ ఆపు' అని చెప్పిందెవరు? మార్కులు తగ్గినప్పుడు 'నాయనకు తెలిస్తే ఇంకేమైనా ఉందా, నేను చూసుకుంటాలే' అన్నదెవరు? పిల్లలను అదుపులో పెట్టడానికి తండ్రిని బూచిగా చూపించడం మన ఇళ్లలో మామూలే. అన్నేళ్లు చూపించాక ఆయన నిజంగా బూచి అయి కూర్చుంటాడు. పొద్దున అంగడి తీయడానికి వెళ్లి రాత్రి తొమ్మిదికో పదికో వచ్చే మనిషికి ఇంట్లో తన గురించి ఏం చెప్తున్నారో కూడా తెలియదు. కూతురు తనతో ఎందుకు మాట్లాడదని ఆయన ఎప్పుడైనా మిమ్మల్ని అడిగారా? అడిగి ఉంటే మీరేం చెప్పారో గుర్తు తెచ్చుకోండి.

మీకు కష్టంగా ఉన్నా ఇంకొకటి చెప్పాలి. ఆయన మాట పిల్లకూ, పిల్ల మాట ఆయనకూ మీ ద్వారానే చేరడంలో మీకొక పెద్దరికం ఉంది. మీరు లేకపోతే ఆ ఇంట్లో ఒక్క మాట కదలదు. దాన్ని వదులుకోవడం తేలిక కాదు. బయటకు వెళ్లే పనీ, చేతిలో సంపాదనా లేని ఆడవాళ్లకు ఇంట్లో మిగిలే అధికారం చాలాసార్లు ఇదొక్కటే, ఆ సంగతి నాకు తెలుసు. అందుకని మిమ్మల్ని తప్పు పట్టడం లేదు. కానీ పాపకు పదిహేడేళ్లు. నాయనతో ఒక మాట చెప్పుకోలేని పిల్ల హాస్టల్ వార్డెన్‌తో ఏం మాట్లాడుతుంది? జ్వరమొస్తే ఎవరిని లేపుతుంది? ఆమెను హైదరాబాద్ పంపాలని మీకే ఉంటే, ముందు ఇంట్లో గదిలోంచి వసారాలోకి పంపండి.

ఇక మీ తమ్ముడి సంగతి. ఈ మొత్తం వ్యవహారంలో నాకు అసలు భయం అక్కడే. ఫారం సంగతి ఎలాగూ బయటపడుతుంది. అప్పుడు మీ ఆయన ఎకనామిక్స్ గురించి అడగరు, హైదరాబాద్ గురించీ అడగరు. 'నా కూతురి చదువు గురించి నీ తమ్ముడికి తెలుసు, నాకు తెలియదా?' అంటారు. ఆ మాటకు మీ దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. ఆ రోజు నుంచి ఆ కోర్సు ఆయన కళ్లకు పుట్టింటివాళ్ల పన్నాగంలా కనిపిస్తుంది. రేపు పాప పెళ్లిలో మేనమామగా పీట మీద కూర్చోవలసిన మనిషిని ఈ గొడవలోకి ఎందుకు లాగారు? మంచి తమ్ముడే కావచ్చు, అక్క అడిగితే కాదనలేకపోయాడు. ఆ తమ్ముడు బావ దృష్టిలో చులకన కాకుండా చూసే బాధ్యత మీదే.

ర్యాంకు వచ్చాక చెప్తానన్నారు. సీయూఈటీలో చేతికొచ్చేది స్కోరు. దాన్ని బట్టి మెరిట్ జాబితా ఎవరి యూనివర్సిటీ వాళ్లు వేసుకుంటారు. స్కోరు వచ్చినా పని అయిపోదు, హైదరాబాద్ యూనివర్సిటీకి మళ్లీ విడిగా దరఖాస్తు పెట్టాలి. ఇది తెలియక పరీక్ష బాగా రాసి కూడా గడువు దాటేసుకునే పిల్లలున్నారు. పాత బీసీ సర్టిఫికెట్ రాష్ట్ర కాలేజీలకు పనికొస్తుందేమో గానీ కేంద్ర విశ్వవిద్యాలయానికి చాలదు. కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ (సంపన్న శ్రేణిలోకి రాని బీసీలకిచ్చే) ధ్రువపత్రం కావాలి, అదీ ఆ ఏడాదికి చెల్లేది. దానికి సచివాలయంలోనో, మీసేవలోనో దరఖాస్తు పెట్టి తహసీల్దారు కార్యాలయం నుంచి తెచ్చుకోవాలి. తల్లిదండ్రుల ఆదాయం వివరాలు అడుగుతారు. అంగడి ఆయనది, కాగితాలు ఆయన బీరువాలో ఉంటాయి. ఆయనకు తెలియకుండా అవి ఎలా తీస్తారు? అది కూడా తమ్ముడితోనే చేయిస్తారా?

మీకు సమయం దొరకాలని చూస్తే ఎప్పటికీ దొరకదు. పరీక్షలు అయ్యాక అంటారు, తర్వాత ఈఏపీసెట్ అయ్యాక అంటారు, ఆ తర్వాత వెబ్ ఆప్షన్లు వచ్చాక అంటారు.

ఈ వారంలోనే చెప్పాలి. చెప్పాల్సింది పాప.

అంగడికి మధ్యాహ్నం క్యారియర్ ఎవరు తీసుకెళ్తున్నారు? పాపకు ప్రిపరేషన్ సెలవులు రాగానే ఒకరోజు ఆ క్యారియర్ పాప చేతికివ్వండి. ఒంటిగంట దాటాక ప్రొద్దుటూరు ఎండలో బట్టలకెవరూ రారు. కుర్రాళ్లు కూడా భోజనానికి పోయి ఉంటారు. ఆయన తిన్నాక, ముందు కాదు, కూతురు ఎదురుగా కూర్చుని చెప్పాలి. ఇంట్లో చెప్తే వంటింట్లోంచి మీ చెవులు అటే ఉంటాయి, పాప మాట తడబడగానే మీరు వచ్చి అందుకుంటారు. అందుకే అంగడి.

ఆయన వ్యాపారి. ఏడుపు పనిచేయదు, లెక్క పనిచేస్తుంది. ఎంతవుతుంది, ఎక్కడ ఉంటావు, చదివాక ఏమవుతావు అని అడుగుతారు. పాప ఈ మూడింటికీ కాగితం మీద రాసుకుని వెళ్లాలి, నోటిమాటగా కాదు. యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో ఉన్న ఫీజు, హాస్టల్ ఖర్చు ఒకవైపు, మీరనుకుంటున్న ఇంజనీరింగ్ కాలేజీ ఖర్చు ఒకవైపు రాయమనండి. ఆ హైదరాబాద్ యూనివర్సిటీ ఎవరిది అని కూడా అడుగుతారు. ఎవరిదీ కాదు, కేంద్ర ప్రభుత్వానిది. తెలంగాణ, ఆంధ్ర ఉద్యమాల తర్వాత కేంద్రం తెచ్చిన ఆరు సూత్రాల పథకంలో భాగంగా 1974లో పెట్టారు. ఈ ఒక్క వివరానికి మన వైపు నాయనల ముఖంలో మార్పు వస్తుంది. ప్రైవేటు వాళ్లు డొనేషన్ అడుగుతారనే అనుమానం వాళ్లకు ముందే ఉంటుంది కదా.

ఆయన వద్దంటే? అనవచ్చు. అప్పుడు ఎందుకు వద్దో పాప అడగాలి, ఆయన చెప్పాలి. డబ్బు కారణమైతే ఆ కాగితం మీదే మాట్లాడుకోవచ్చు. దూరం కారణమైతే అనంతపురంలో కూడా కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉంది, అక్కడి సీట్లకూ ఇదే సీయూఈటీ. అందులో ఏ కోర్సులున్నాయో పాప ముందే చూసుకుని వెళ్లాలి. 'ఎకనామిక్స్ చదివితే పెళ్లి సంబంధాలు రావు' అన్నారనుకోండి, ఆ వాదన మాత్రం పాపకు వదిలిపెట్టకుండా మీరే చేయండి. అది భార్యగా మీ పని. మీకు తెలియకపోవచ్చు, నా వరకు నేను పిల్ల పక్షమే. పదిహేడేళ్ల పిల్ల తనంతట తాను ఒక చదువు పేరు చెప్పి అడగడమే మన ఊళ్లలో అరుదు. ర్యాంకును బట్టి బ్రాంచి, బ్రాంచిని బట్టి బతుకు అన్నట్టుగా ఉంది ఇప్పటి వరస. అయితే ఆ హక్కు చాటుగా తీసుకోకూడదు. తండ్రి ముందు నిలబడి అడిగి తీసుకోవాలి. ఒకటికి రెండుసార్లు ఓడినా సరే.

నెట్ సెంటర్‌కు ఒకసారి వెళ్లి ఫారం ప్రింటు తెచ్చుకోండి. సబ్జెక్టులు ఏం పెట్టారో చూడండి. ఎంపీసీ అనగానే ఆ కుర్రాళ్లు మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ టిక్ పెట్టి పంపేస్తారు. హైదరాబాద్ యూనివర్సిటీ ఆ కోర్సుకు ఏ పేపర్లు అడిగిందో అవే ఉండాలి. తేడా ఉంటే దిద్దుబాటు గడువులో మార్పించాలి, ఆ గడువు కొద్ది రోజులే ఉంటుంది. పదో తరగతి సర్టిఫికెట్‌లో, ఆధార్‌లో పేరు ఒకేలా ఉందో లేదో కూడా చూసుకోండి.

చీటీ డబ్బుల విషయం మీరే చెప్పండి, అదీ పాప అంగడి నుంచి తిరిగొచ్చిన రాత్రే. తమ్ముడి నంబర్ ఇచ్చిన సంగతి కూడా. 'నేనే ఇప్పించాను, వాడి తప్పేం లేదు' అని ఒక్క మాటలో చెప్పి ఊరుకోండి. పాప ఏడ్చింది, నేను చూడలేకపోయాను అని కథ మొదలుపెట్టకండి. ఆయనకు కోపం వస్తుంది. రావాలి కూడా. రెండు మూడు రోజులు మీతో మాట్లాడకపోవచ్చు. అన్నం దగ్గర కూర్చుని 'మీ అమ్మకు చెప్పు, రేపు సచివాలయానికి పోవాలని' అంటూ పాపతో మీకే కబురు పెట్టవచ్చు. ఆ కబురు పాప మోయకూడదు. 'పక్కనే ఉంది కదా నాయనా, నువ్వే చెప్పు' అనమనండి.