టెక్ సందేహాలు: సెల్లార్‌లో గురి మసకేస్తోందా?

ప్రశ్న: మా అమ్మాయి 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటోంది. రోజూ షూటింగ్ రేంజ్‌కు వెళ్లడం కుదరక ఇంటి సెల్లార్‌లో సాధన చేస్తోంది. అక్కడ రెండు ట్యూబ్‌లైట్లున్నాయి. టార్గెట్ మసకగా ఉందని, రేంజ్‌లో వచ్చే స్కోరు ఇక్కడ రావడం లేదని అంటోంది. ఫోనులో వెలుతురు కొలిచే లక్స్ మీటర్ యాప్ 210 లక్స్ చూపిస్తోంది. మరో నాలుగు ట్యూబ్‌లైట్లు వేయించమంటారా?
– ఒక తండ్రి, హనుమకొండ

జవాబు: అప్పుడే వద్దండి. ఆ 210 ఎక్కడ కొలిచారు? అమ్మాయి నిలబడే చోట అయితే అది గది లెక్క. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నిబంధనల ప్రకారం ఇండోర్ రేంజ్‌లో గదికి కనీసం 300 లక్స్ చాలు, టార్గెట్ కార్డు మీద మాత్రం కనీసం 1500 పడాలి. ట్యూబ్‌లైట్లు పెంచితే ఆ 300 వస్తుంది. 1500 కోసం వాటినే నమ్ముకుంటే కరెంటు బిల్లు పెరుగుతుంది, కార్డు దాదాపు అలాగే ఉంటుంది.

మసక ఎందుకంటే, ఆ కార్డు మీద పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే. దాన్ని చూడటానికి రైఫిల్ వెనుక సైట్‌లో, అంటే కన్ను ఆనించి గురి చూసే భాగంలో, మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూ ఉండే సన్నని రంధ్రం ఉంటుంది. రంధ్రం చిన్నదైనందువల్లే దగ్గరున్న ముందు సైట్ రింగూ, దూరంగా ఉన్న టార్గెటూ రెండూ స్పష్టంగా కనిపిస్తాయి. వెలుతురు చాలకపోతే పిల్లలు ఏం చేస్తారు? ఆ రంధ్రాన్ని పెంచి తగ్గించే ఐరిస్‌ను తిప్పి పెద్దది చేస్తారు. వెలుతురు వస్తుంది, స్పష్టత పోతుంది. మీ అమ్మాయి ఐరిస్ ఎక్కడ పెట్టిందో ఒకసారి అడిగి చూడండి.

అందుకని కార్డు కోసం విడిగా ఒక ఎల్ఈడీ స్పాట్‌లైటు పెట్టండి. కార్డుకు మీటరు ముందు, పైనుంచి ఏటవాలుగా పడాలి. బల్బు అమ్మాయి కంటికి కనబడకూడదు. అడ్డంగా ఒక రేకు బిగిస్తే ఆ పని అవుతుంది, గురి తప్పిన పెల్లెట్ బల్బుకు తగలకుండానూ ఉంటుంది. వెలుతురు చాలదనిపిస్తే వెంటనే ఎక్కువ వాట్ల బల్బు కొనకండి, ఉన్నదాన్నే దగ్గరికి జరపండి. దూరం సగమైతే వెలుతురు సుమారు నాలుగింతలవుతుంది. గది లైట్లు మాత్రం ఆర్పేయవద్దు. చీకట్లో ఒక్క కార్డే ధగధగలాడితే కళ్లు త్వరగా అలసిపోతాయి.

ఇక యాప్ సంగతి. ఆండ్రాయిడ్ ఫోన్లలో వెలుతురు సెన్సర్ సాధారణంగా ముందు కెమెరా దగ్గర ఉంటుంది. తెర మీవైపు ఉండేలా ఫోనును కార్డుకు ఆనించి, మీ నీడ పడకుండా పక్కకు జరిగి చూడండి. నాలుగు మూలలా కొలవండి. పైన ఎక్కువ, కింద తక్కువ వస్తే లైటు వంపు మార్చాలి. ఐఫోనులో ఆ సెన్సర్ యాప్‌లకు అందదు, అవి కెమెరాతో అంచనా వేస్తాయి. ఏ ఫోనైనా కచ్చితమైన అంకె ఇస్తుందని అనుకోవద్దు. ఒకే బల్ల మీద పక్కపక్కన పెట్టిన రెండు ఫోన్లు రెండు రకాలుగా చెబుతాయి. మూలల మధ్య తేడా తెలుసుకోవడానికైతే అది చాలు. నేనైతే అమ్మాయి చేసే రేంజ్‌లోనూ అదే ఫోనుతో కొలిచి, ఇంట్లో ఆ అంకె వచ్చేదాకా లైటు జరుపుతాను. కొలవడానికి ముందుకు వెళ్లే ప్రతిసారీ రైఫిల్ ఖాళీ చేసి, బారెల్ ఖాళీ అని చూపే సేఫ్టీ ఫ్లాగ్ పెట్టి, కింద ఉంచాలి. ఇల్లే కదా అని దీన్ని వదిలేయకండి.

ప్రశ్న: బారెల్‌కు బిగిస్తే గురి కదలికను కంప్యూటర్‌లో గీతగా చూపే కెమెరా ట్రైనర్ కొన్నాను. ఆ గీత వణుకుతోంది. చెయ్యి వణుకుతోందా, పరికరం చెడిపోయిందా?
– విజయవాడ నుంచి ఒక పాఠకుడు

జవాబు: చెయ్యి కూడా కావచ్చు! అంతకంటే ముందు లైటును అనుమానించండి. మన కరెంటు 50 హెర్ట్జ్. చవక ఎల్ఈడీ బల్బు సెకనుకు 100 సార్లు వెలిగి తగ్గుతుంది. కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. ఫోనులో 240 ఫ్రేముల స్లో మోషన్ పెట్టి టార్గెట్ కార్డును తీయండి. వీడియోలో వెలుతురు కొట్టుకుంటుంటే మంచి డ్రైవర్ (కరెంటును నిలకడగా అందించే సర్క్యూట్) ఉన్న బల్బు వేసి మళ్లీ చూడండి.

ప్రశ్న: పసుపు అద్దాలు పెట్టుకుంటే గదిలో వెలుతురు పెరుగుతుందా?

జవాబు: పెరగదు. ఏ రంగు అద్దమైనా కొంత వెలుతురును ఆపేదే. పసుపు వల్ల నలుపు తెలుపుల తేడా కొందరికి బాగా తెలిసినట్టు అనిపిస్తుంది, అంతే. ఆ డబ్బుతో ముందు స్పాట్‌లైటు కొనండి.