జూలైలో మారిషస్‌కు స్వెట్టర్ కావాలా?

అన్నా, మీ పాప ఉద్యోగానికి జూలైలో మారిషస్‌లోని క్యూర్‌పిప్ వెళ్తోందని, తిరుపతిలో వేసుకునే బట్టలే సరిపోతాయా అని అడిగారు. సరిపోవు. ఆ దీవి భూమధ్యరేఖకు దక్షిణాన ఉంది, జూలై అక్కడ చలికాలం. పైగా క్యూర్‌పిప్ ఉన్నది లావాతో ఏర్పడిన పీఠభూమి మీద, సుమారు 550 మీటర్ల ఎత్తులో. అలిపిరిలో చెమటలు పట్టినా తిరుమల చేరేసరికి చల్లగా తగులుతుంది కదా, అదే లెక్క. ఆగ్నేయం నుంచి వచ్చే సముద్రపు గాలి ఆ ఎత్తుకు ఎక్కి, చల్లబడి, ముసురు పట్టిస్తుంది. కొండలు దాటి కిందికి దిగేసరికి తేమ తగ్గిపోతుంది. అందుకే అవతలి తీరంలోని పోర్ట్ లూయిస్ పొడిగా, వెచ్చగా ఉంటుంది. స్వెట్టర్, గొడుగు తప్పకుండా పెట్టండి. తుఫానుల టెన్షన్ ఇప్పుడు వద్దు, అవి ఎక్కువగా జనవరి నుంచి మార్చి దాకా వస్తాయి. ఊళ్లోనే త్రూ ఓ సెర్ఫ్ అనే పాత అగ్నిపర్వత బిలం ఉంది, పాపను తప్పక చూడమనండి.