పట్టా భూమిలో చెట్లు కొట్టించాలన్నా అనుమతి కావాలా?

పాకాల దగ్గర్నుంచి ఒక రైతు అడిగిన సందేహం ఇది. నాయన పోయాక పాసుపుస్తకం ఈయన పేరు మీదికి మారింది. మూడెకరాల్లో ముదిరిపోయిన తోతాపురి మామిడి చెట్లు నలభై ఉన్నాయి, కాయకు ధర లేక కొట్టించేద్దామనుకున్నారు. ఒక కట్టెల వ్యాపారి వచ్చి, గట్టు మీదున్న రెండు ఎర్రచందనం చెట్లతో సహా అంతా గంపగుత్తగా మాట్లాడి, 20,000 అడ్వాన్స్ ఇచ్చి, తెల్లకాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు. "ఎర్రచందనం మామిడి మొద్దుల కింద వేసి తోలేస్తాం, పర్మిషన్ల సంగతి మాకు వదిలెయ్, టెన్షన్ పడొద్దు" అన్నాడట. బెంగళూరులో ఉన్న తమ్ముడేమో ఒప్పుకోనంటున్నాడు. "నా భూమి, నా చెట్టు, నేను కొట్టుకుంటే నేరమా సార్?" అని అడుగుతున్నారు.

అన్నా, ముందు ఆ రెండు ఎర్రచందనం చెట్ల జోలికి ఎవర్నీ పోనివ్వకండి. అవి మీ కుటుంబానివే, వాటి మీద వచ్చే డబ్బూ మీ కుటుంబానిదే, కానీ అటవీ శాఖ అనుమతి రాకముందు వాటి మీద గొడ్డలి పడకూడదు. మన శేషాచలం, వెలిగొండ, పాలకొండ లాంటి కొండల్లో తప్ప సహజంగా ఇంకెక్కడా పెరగని చెట్టు అది. పట్టాలో కొట్టిన దుంగకీ కొండ మీంచి దొంగతనంగా దించిన దుంగకీ చూస్తే తేడా ఏం కనబడుతుంది? ఆ తేడా చెప్పేది మీ దగ్గరున్న కాగితమే. మామిడి కింద దాస్తే దాగేది కూడా కాదు, మొసలి చర్మంలా పగుళ్లిచ్చిన ఆ బెరడు, కోసిన చోట ఆ ఎరుపు చెక్‌పోస్టులో ఉండేవాళ్లకి రోజూ అలవాటే. పట్టుబడితే 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం 44వ సెక్షన్ కింద దుంగలతో పాటు బండిని కూడా స్వాధీనం చేసుకుంటారు, దాన్ని ప్రభుత్వానికి జప్తు చేసే అధికారం కూడా అటవీ అధికారులకుంది. 2016లో సవరణ తెచ్చి ఎర్రచందనం కేసుల్లో శిక్షలు బాగా పెంచారు. ఇలాగే పట్టుబడి, టైర్లు మట్టిలో దిగబడి తుప్పు పట్టిన ట్రాక్టర్‌కి ఇంకా కంతులు కడుతున్న మనిషి నా ముందు కూర్చుని ఏడ్చాడు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇక మామిడి. 2025లో తోతాపురి ధర పడిపోయి ప్రభుత్వమే కిలోకు 4 రూపాయలు కలపాల్సి వచ్చింది, కాబట్టి చెట్లు తీసేద్దామనుకున్నందుకు మిమ్మల్ని తప్పుపట్టను. అయితే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం పట్టా భూమిలో చెట్టు కొట్టాలన్నా ముందు అనుమతి తీసుకోవాలి. సరుగుడు, జామాయిల్, సుబాబుల్ లాంటి వాటికి సడలింపులున్నాయి. కింద రాలిన ఎండు పుల్లలు పొయ్యిలోకి ఏరుకోవడానికి ఇదేమీ వర్తించదు. పాసుపుస్తకం, అడంగల్ (సాగు వివరాల రికార్డు), 1బీ (భూమి ఎవరి పేరున ఉందో చూపే రికార్డు), సర్వే స్కెచ్ పట్టుకుని ఫారెస్ట్ రేంజ్ ఆఫీసుకు మీరే వెళ్లండి, అర్జీ మీ పేరుతోనే పెట్టి రసీదు తీసుకోండి. మొద్దులు తోలడానికి రవాణా పర్మిట్ అవసరమైతే అదీ మీ చేతికే రావాలి, బండి నంబరు, తేదీ సరిచూశాకే లోడు కదలాలి. ఒకే పర్మిట్‌తో మూడు ట్రిప్పులు కొట్టే వ్యాపారులున్నారు. రేపు లెక్క తేలకపోతే ముందు పిలిచేది సర్వే నంబరు ఎవరిదో వాళ్లనే.

మీ తమ్ముడి మాట కొట్టిపారేయకండి. పాసుపుస్తకం మీ పేరున ఉన్నంత మాత్రాన భూమి మీ ఒక్కరిదైపోదు. నాయన వీలునామా రాయకుండా పోయుంటే అమ్మకీ తమ్ముడికీ మీతో పాటు హక్కుంటుంది. మీకు అక్కాచెల్లెళ్లున్నారో లేదో మీరు రాయలేదు. ఉంటే, పెళ్లై వెళ్లిపోయినా సరే వాళ్లకీ సమాన వాటా ఉంది. వాళ్లలో ఎవరైనా కోర్టుకెళ్లి ఇంజంక్షన్ (ఆపమనే ఉత్తర్వు) తెస్తే కొట్టిన మొద్దులు తోటలోనే ఎండుతూ పడుంటాయి. అందరి చేతా ఒప్పుదల పత్రం మీద సంతకాలు పెట్టించండి, వచ్చే డబ్బులో ఎవరి వాటా ఎంతో కూడా అందులోనే రాసుకోండి. పండక్కి అందరూ ఊరికొచ్చినప్పుడు కూర్చుంటే ఒక పూటలో తెమిలే పని.

వ్యాపారితో ఒప్పందం గంపగుత్తగా వద్దు, టన్ను లెక్కన రాసుకోండి, వేబ్రిడ్జి దగ్గర కాటా వేసేటప్పుడు మీరు పక్కనే ఉండండి. అనుమతి వచ్చాక ఎన్ని రోజుల్లో కొట్టి తీసుకెళ్లాలో తేదీతో సహా ఉండాలి. ఇది మాటవరసకి చెప్పడం లేదు. నిలబడి ఉన్న చెట్టు ఎప్పుడు కలప, ఎప్పుడు స్థిరాస్తి అన్నదాని మీద 1958లో శాంతాబాయి కేసులో సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. త్వరలో కొట్టేయడానికి అమ్మితే అది మామూలు సరుకు అమ్మకం. గడువు లేకుండా చెట్లు భూమిలోనే ఉంచి, ఏళ్ల తరబడి కాయలు కోసుకునే హక్కు కూడా ఇస్తే అది స్థిరాస్తి కిందికి పోతుంది, రిజిస్ట్రేషన్ దాకా వస్తుంది.

ఆ 20,000 ఇంట్లోనే ఉంటే ఈ వారంలోనే బ్యాంకు ద్వారా వెనక్కి పంపండి, చేతికివ్వకండి. మీరు సంతకం పెట్టిన ఆ కాగితం తిరిగి తీసుకోండి. ఇవ్వనంటే, ఎర్రచందనం చెట్లు ఈ బేరంలో లేవని, అనుమతి వచ్చేదాకా ఒక్క చెట్టు కూడా కొట్టకూడదని రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపి, ఒక కాపీ మీ దగ్గర దాచుకోండి.