ప్లానర్ కొనాలా, ఇంట్లోనే చేసుకోవాలా?

ప్రశ్న: మాది హైదరాబాద్, కొంపల్లి. రెండేళ్లుగా పిల్లలిద్దరినీ ఇంట్లోనే చదివిస్తున్నాం. పాపకి 13, బాబుకి 8 ఏళ్లు. మావారి జీతం నెలకు 78 వేలు. నేను ఇంటి నుంచి అనువాదాలు చేస్తాను, గంటకు 400 దాకా వస్తుంది. జూన్‌లో కొత్త క్లాసు మొదలుపెట్టే ముందు ఇద్దరికీ ప్లానర్లు, అంటే వారంవారం చదువు పనులు రాసుకునే పుస్తకాలు, తీసుకుందామనుకుంటున్నాం. ఆన్‌లైన్‌లో హోమ్‌స్కూల్ ప్లానర్ ఒక్కోటి 1,850 రూపాయలు. మనమే ప్రింట్ తీసుకునే ఫైలైతే 650. నేనే కంప్యూటర్‌లో చేసుకుంటే పైసా ఖర్చుండదని నా లెక్క. నీ టైముకి విలువ లేదా అని మావారు. పోయినేడు కొన్నవి సగం కూడా రాయలేదు. ఏది లాభం? ఈ ఖర్చుని పన్నులో చూపించుకోవచ్చా?

జవాబు: "పోయినేడు కొన్నవి సగం కూడా రాయలేదు" అని మాట వరసకి అనేసి ముందుకెళ్లిపోయారు. నాకు లెక్కంతా అక్కడే కనిపించింది. ఆ పాత ప్లానర్లు తీసి, నిజంగా ఎన్ని వారాలు రాశారో ఒకసారి లెక్కపెట్టండి. చదువు ఏడాదికి 40 వారాలు అనుకుందాం. మొత్తం నింపితే 1,850 రూపాయల ప్లానర్ వారానికి 46 రూపాయలు పడుతుంది, పర్వాలేదు. 14 వారాలు రాసి అటక మీద పెడితే వారానికి 132 రూపాయలు పడ్డట్టు.

ఈ విషయంలో మిమ్మల్ని వేలెత్తి చూపే అర్హత నాకు లేదులెండి. నేను ఫైనాన్షియల్ ప్లానర్ని, నా వృత్తి పేరులోనే ప్లానర్ ఉంది. నా బల్ల సొరుగులో మాత్రం జనవరి నెల ఒక్కటే నిండిన డైరీలు అయిదున్నాయి. అవన్నీ బ్యాంకువాళ్లు, ఎల్ఐసీ ఏజెంట్లు ఊరికే ఇచ్చినవే కాబట్టి సరిపోయింది.

ముందు మీ "పైసా ఖర్చుండదు" సంగతి చూద్దాం. వారానికి రెండు పేజీల చొప్పున 80, నెలకో పేజీ చొప్పున 12, పుస్తకాల జాబితా, మార్కులు వగైరా మరో ఎనిమిది. మొత్తం వంద పేజీలు, అంటే రెండు వైపులా వేస్తే 50 కాగితాలు. మా వీధి జిరాక్స్ షాపులో నలుపు తెలుపు పేజీకి 2 రూపాయలు, స్పైరల్ బైండింగ్‌కి 50. ఒక పుస్తకానికి 250, ఇద్దరికీ 500. ఇదే రంగుల్లో వేయిస్తే పేజీ 10 రూపాయలు, ఇద్దరికీ 2,100 అవుతుంది. మొదటి పేజీలో పూలతీగ బావుందని కలర్ ప్రింట్ నొక్కారంటే, ఇంట్లో చేసుకోవడం చవక అనే మాట అక్కడితో సరి. ఇంట్లో ప్రింటర్ ఉన్నా అంతే. ఇంకు ఊరికే రాదు.

ఇక మీ వారి మాట. మీ గంట 400 కాబట్టి 12 గంటలు కూర్చుంటే 4,800 పోయినట్టే అని ఆయన లెక్క కాబోలు. సగమే నిజం. చేతిలో అనువాదం ఉండి, దాన్ని పక్కన పెట్టి గళ్లు గీస్తూ కూర్చుంటేనే ఆ డబ్బు పోయినట్టు. రాత్రి పిల్లలు పడుకున్నాక, ఎలాగూ పని లేని గంటని 400 కింద కట్టడం న్యాయం కాదు.

నేనైతే ఇంకోలా చూస్తాను. ఫైలు కొన్నా ప్రింటు ఖర్చు అదే 500, కాబట్టి మొత్తం 1,150. మీరే తయారుచేస్తే 500. తేడా 650. దాన్ని మిగుల్చుకోవడానికి 12 గంటలు పడితే గంటకు 54 రూపాయల కూలి. గళ్లు గీయడం, రంగులు ఎంచడం మీకు సరదా అయితే హాయిగా చేసుకోండి, సినిమాకి వెళ్లినట్టే అనుకోండి. డబ్బు మిగులుతుందని మాత్రం చేయకండి.

ఫైలు కొనేవాళ్లు ఒకటి చూసుకోవాలి. ఆన్‌లైన్‌లో దొరికేవి చాలావరకు అమెరికా వాళ్ల కోసం చేసినవి. ఏడాది ఆగస్టులో మొదలై మేలో అయిపోతుంది. నవంబరు చివర్లో వాళ్ల పండగ సెలవులుంటాయి గానీ బతుకమ్మ, దసరా, సంక్రాంతి వారాల్లో పాఠాల గళ్లు ఖాళీగా ఎదురుచూస్తుంటాయి. స్కూలుకి వెళ్లకపోయినా, పక్కింటి పిల్లలకి సెలవులిచ్చాక మీవాడు పుస్తకం తెరుస్తాడా? వాళ్ల కాగితం కొలత కూడా వేరు. ఎనిమిదిన్నర అంగుళాల వెడల్పు, పదకొండు అంగుళాల పొడవు. మన ఏ4 దానికంటే కాస్త సన్నం, కాస్త పొడుగు. కొలత సరిచేయకుండా ప్రింటిస్తే కుడి అంచున శనివారం గడి తెగిపోతుంది, లేదంటే స్పైరల్ రంధ్రాలు సోమవారం మీద పడతాయి. తేదీలు లేనిదీ, ఏ4 అని స్పష్టంగా రాసి ఉన్నదీ అయితేనే తీసుకోండి. ఇంకోమాట, 650కి కొన్న ఫైలు సాధారణంగా ఒక కుటుంబం వాడుకోవడానికే ఇస్తారు. వాట్సాప్ గ్రూపులో పంచిపెట్టకండి.

మా అమ్మ నలభై ఏళ్లు తప్పకుండా వాడిన ప్లానర్ ఒకటుంది. వంటింటి తలుపు పక్కన మేకుకి వేలాడే పంచాంగం క్యాలెండర్. పాలు రెండు ప్యాకెట్లు తీసుకుంటే 2 అంకె, ఊరెళితే అడ్డగీత, గ్యాస్ బండ మార్చిన రోజు చుట్టూ సున్నా. నెలాఖరున పాలవాడితో లెక్కలో ఎప్పుడూ తేడా రాలేదు. అది కళ్లెదుటే ఉండేది, పెన్సిలు దానికే దారంతో కట్టి ఉండేది. మీరు పోయినేడు కొన్న ప్లానర్ ఎక్కడుండేదో గుర్తు తెచ్చుకోండి.

అందుకని బాబుకి ఏదీ కొనొద్దు. 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి చాలు, 70 రూపాయల్లో వస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి నోట్‌బుక్కుల మీద జీఎస్టీ కూడా తీసేశారు, అంతకుముందు 12 శాతం ఉండేది. ఆదివారం సాయంత్రం వాడి చేతికే స్కేలిచ్చి ఎదురెదురు పేజీల్లో ఆరు గళ్లు గీయించండి. గీతలు వంకరగా వస్తాయి, రానివ్వండి. వాడు గీసిన గడిలో వాడే టిక్కు పెట్టుకుంటాడు. వారానికి రెండు పేజీలంటే ఆ పుస్తకం రెండేళ్లకి సరిపోతుంది.

పాప విషయంలో కాస్త ఖర్చు పెట్టినా తప్పు లేదు. తనకి 14 నిండగానే జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, అంటే ఎన్ఐఓఎస్‌లో పదో తరగతికి నమోదు చేయిస్తారనుకుంటున్నాను. తెలంగాణ ఓపెన్ స్కూలూ ఉంది గానీ, హోమ్‌స్కూల్ వాళ్లు ఎక్కువగా వెళ్లేది ఎన్ఐఓఎస్‌కే. అక్కడ పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్-మేలో, అక్టోబరు-నవంబరులో. ప్రతి సబ్జెక్టుకీ అసైన్‌మెంటు రాసివ్వాలి, దానికి 20 శాతం మార్కులు. ఇన్నాళ్లూ గడువు తప్పితే అడిగేవాళ్లు లేరు. ఇకమీదట పరీక్ష ఫీజు గడువు దాటితే ఆలస్య రుసుము కట్టాలి, అసైన్‌మెంటు మర్చిపోతే మార్కులు పోతాయి. పదో తరగతి పూర్తిచేయడానికి అయిదేళ్లు, తొమ్మిది అవకాశాలు ఇస్తారు. ఆ వెసులుబాటే కొందరికి మత్తుమందు. ఒక్క విడత వాయిదా పడితే మళ్లీ ఫీజు, మళ్లీ ట్యూషను, ఆరు నెలలు ఎటూ కాకుండా పోవడం. 1,850 దాని ముందు చిన్న మొత్తమే.

అయినా రేపే కొనేయకండి. ఏప్రిల్, మే రెండు నెలలు పాప కూడా తమ్ముడిలాగే నోట్‌బుక్కులో రాయాలి. ఎనిమిది వారాల్లో ఆరు వారాలైనా వదలకుండా రాస్తే, తేదీల్లేని ప్లానర్ ఒకటి తనకు నచ్చింది తననే ఎంచుకోమనండి, 1,850దైనా సరే. రాయకపోతే గోడ క్యాలెండర్, దానికో పెన్సిలు. మొదటి దారిలో మీ ఖర్చు నోట్‌బుక్కులతో కలిపి రెండు వేలకు లోపే. రెండో దారిలో రెండొందలు కూడా దాటదు. మీరు పక్కన పెట్టుకున్న 3,700లో మిగిలినదాన్ని పాప పరీక్ష ఫీజుల కోసం రికరింగ్ డిపాజిట్‌లో మొదటి నెల కిస్తీగా వేసి, నెలనెలా కొనసాగించండి.

పన్ను సంగతి. చూపించుకోలేరు. పాత పన్ను విధానంలో పిల్లల చదువుకి మినహాయింపు వచ్చేది స్కూలుకో కాలేజీకో కట్టిన ట్యూషన్ ఫీజుకి మాత్రమే. ప్లానర్లు, పుస్తకాలు, ప్రింటు ఖర్చు అందులోకి రావు. కొత్త విధానంలో ఆ మినహాయింపే లేదు. బిల్లులు మాత్రం ఒక కవర్లో వేసి ఉంచండి, వచ్చే ఏడాది చదువు బడ్జెట్ వేసేటప్పుడు పనికొస్తాయి.