మద్దతు లేఖ వెనక్కి తీసుకుంటే ప్రభుత్వం పడిపోయినట్టేనా?

ప్రశ్న: మాది రాజాం. టీ కొట్టు దగ్గర రోజూ ఇదే వాదన. కేంద్రంలో సంకీర్ణ ప్రభుత్వం నుంచి ఒక పార్టీ మద్దతు ఉపసంహరించుకుని రాష్ట్రపతికి లేఖ ఇస్తే ప్రభుత్వం ఆ క్షణమే పోయినట్టా? సభలో 272 మందిని చూపించాల్సిందేనా? విప్ (ఇలా ఓటేయాలన్న పార్టీ ఆదేశం) ధిక్కరించిన ఎంపీ ఓటు చెల్లుతుందా? అలాంటి ఎంపీ మీద ఓటరుగా నేను కేసు వేయవచ్చా?

జవాబు: లేఖతో ప్రభుత్వం పడిపోదు. రాజ్యాంగం 75(3) అధికరణ ప్రకారం మంత్రిమండలి జవాబు చెప్పుకోవాల్సింది లోక్‌సభకు. లేఖ మెజారిటీ మీద అనుమానం పుట్టిస్తుంది, అంతే. అప్పుడు ఫలానా తేదీలోగా సభలో బలం నిరూపించుకోమని రాష్ట్రపతి ప్రధానిని అడగవచ్చు. బలాబలాలు తేలాల్సింది సభలోనేనని 1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మనకు ఆ పాఠం పదేళ్ళ ముందే అందింది. 1984 ఆగస్టులో సభ లెక్క చూడకుండా ఎన్టీఆర్‌ను గవర్నర్ రాంలాల్ తొలగిస్తే, నెల తిరిగేసరికి ఆయన్నే మళ్ళీ ముఖ్యమంత్రిని చేయాల్సి వచ్చింది.

మీ వాదనలో రెండు తీర్మానాలు కలిసిపోయి ఉంటాయని నా అనుమానం. అవిశ్వాసం ప్రతిపక్షం పెట్టేది. లోక్‌సభ 198వ నిబంధన కింద ఉదయం 10 గంటలలోపు నోటీసు ఇవ్వాలి, సభలో కనీసం 50 మంది లేచి నిలబడాలి, అనుమతి దొరికిన 10 రోజుల్లో చర్చకు రావాలి. 2018 మార్చిలో నోటీసులు ఇచ్చినా, సభ సద్దుమణగలేదంటూ ఆ 50 తలలు లెక్కపెట్టనే లేదు. చివరికి టీడీపీ తీర్మానం మీద జూలై 20న ఓటింగ్ జరిగి 126–325 తేడాతో వీగిపోయింది. బలపరీక్షలో ప్రధాని స్వయంగా పెట్టేది విశ్వాస తీర్మానం. దానికంటూ వేరే నిబంధన లేదు, మామూలు తీర్మానాలకు వాడే 184 కిందే వస్తుంది.

ఇక 272 సంగతి. ఆ అంకె చట్టంలో ఎక్కడా లేదు. 100వ అధికరణ అడిగేది సభకు వచ్చి ఓటు వేసినవారిలో మెజారిటీ. 543 సీట్లూ నిండి ఉన్నా స్పీకర్‌ను పక్కన పెడితే 542. వారిలో 19 మంది రాలేదు, ముగ్గురు తటస్థంగా పసుపు బటన్ నొక్కారు అనుకోండి. మిగిలిన ఓట్లు 520, అంటే 261 వస్తే ప్రభుత్వం నిలుస్తుంది. సరిగ్గా 260–260 అయితేనే స్పీకర్ ఓటు వేస్తారు. అందుకే ఆ రోజు ఎవరిని ఒప్పించారన్నదానికంటే ఎవరు రాకుండా చూసుకున్నారన్నదే ఒక్కోసారి ఫలితం తేలుస్తుంది. మూజువాణి ఓటును, అంటే నోటితో అవును, కాదు అని చెప్పిన ఓటును, ఎవరైనా సవాలు చేస్తే గంట మోగుతుంది, మూడున్నర నిమిషాల తర్వాత లాబీ తలుపులు మూసేస్తారు. ఆ తర్వాత వచ్చిన ఎంపీ బయటే.

1999 ఏప్రిల్ 17 గుర్తుచేసుకోండి. అన్నాడీఎంకే మద్దతు తీసేశాక వాజ్‌పేయి ప్రభుత్వానికి 269, వ్యతిరేకంగా 270. ఎవరికీ 272 లేవు, అయినా ప్రభుత్వం పడిపోయింది. తర్వాత అందరి నోటా నానింది గిరిధర్ గమాంగ్ వ్యతిరేకంగా వేసిన ఓటు. సాలూరు దాటి ఘాట్ ఎక్కితే వచ్చే కోరాపుట్‌కు ఆయన ఎంపీ, అప్పటికే ఒడిశా ముఖ్యమంత్రి. శాసనసభకు ఎన్నిక కావడానికి ఆరు నెలల గడువు ఉంది కాబట్టి ఎంపీ పదవి వదల్లేదు. ఓటు వేయాలా వద్దా అన్నది స్పీకర్ బాలయోగి ఆయన విచక్షణకే వదిలేశారు.

విప్ దగ్గర చాలామంది పొరబడతారు. కూటమికి ఉమ్మడి విప్ ఉండదు. ఎంపీని కట్టిపడేసేది తన సొంత పార్టీ విప్ ఒక్కటే. పార్టీ మొత్తం కూటమి వదిలి వ్యతిరేకంగా ఓటేస్తే అది ఫిరాయింపు కాదు. ఒక్క ఎంపీ తన పార్టీ విప్‌కు ఎదురుతిరిగితే మాత్రం రాజ్యాంగం పదో షెడ్యూలు, అంటే ఫిరాయింపు చట్టం, వర్తిస్తుంది, ఓటింగ్‌కు రాకపోయినా సరే. అయితే వేసిన ఓటు లెక్కలోనే ఉంటుంది, అనర్హత వేటు తర్వాతి మాట. 2011 డిసెంబరులో కిరణ్‌కుమార్ రెడ్డి ప్రభుత్వంపై అవిశ్వాసానికి ఓటేసిన కాంగ్రెస్ ఎమ్మెల్యేల్లో నరసన్నపేట సభ్యుడు ధర్మాన కృష్ణదాస్ ఒకరు. ఆ ఓట్లు లెక్కించారు. 2012 మార్చిలో స్పీకర్ వేటు వేశారు. జూన్ ఉప ఎన్నికలో ఆయనే మళ్ళీ గెలిచి వచ్చారు. వేటు పడితే ఆరేళ్ళు పోటీ చేయకూడదన్న మాట ఊళ్ళో పుట్టిందే, ఫిరాయింపు చట్టంలో లేదు. 2019లో కర్ణాటక స్పీకర్ రెబెల్స్‌ను సభా కాలం ముగిసేదాకా పోటీకి దూరం పెట్టబోతే సుప్రీంకోర్టు ఆ భాగం కొట్టేసింది.

మూడో వంతు మంది చీలితే తప్పించుకోవచ్చన్న వెసులుబాటు 2003లో 91వ సవరణతో పోయింది. ఇప్పుడు మిగిలింది విలీనం, దానికి మూడింట రెండు వంతుల మంది సభ్యులు ఒప్పుకోవాలి.

చివరిది, మీ కేసు. విజయనగరం కోర్టులో వేయకండి, నిలబడదు. తొలి నిర్ణయం స్పీకర్‌దే. ఫిర్యాదు తోటి సభ్యులే ఇవ్వాలన్నట్టు నిబంధనలు ఉన్నా, ఆసక్తి ఉన్న ఎవరైనా ఇవ్వవచ్చని 2013లో ఒడిశా శాసనసభ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పిటిషన్‌లో విప్ కాపీ, ఓటింగ్ వివరాలు జతచేయాలి. సివిల్ దావాలోలాగే కింద ధ్రువీకరణ రాసి సంతకం పెట్టాలి, ప్రతి జతపత్రం మీద కూడా. ఇది లేకపోతే ఫిర్యాదును కొట్టేయవచ్చు. ఇంకో చిక్కు ఉంది. ఓటింగ్ జరిగిన 15 రోజుల్లోగా పార్టీ ఆ ఎంపీని క్షమిస్తే మీ పిటిషన్‌కు ఆధారమే ఉండదు, కాబట్టి ఆ గడువు దాటాక వేయండి. స్పీకర్ మామూలుగా మూడు నెలల్లో తేల్చాలని 2020లో మణిపూర్ కేసులో సుప్రీంకోర్టు అంది. తేల్చకుండా నాన్చితే ఆ తీర్పు చూపించి హైకోర్టులో రిట్ (స్పీకర్‌ను ఆదేశించమని కోరే పిటిషన్) వేయవచ్చు. తీర్పు వచ్చినా ఎంపీ ఓటు రద్దు కాదు, పడిపోయిన ప్రభుత్వమూ తిరిగి రాదు.